సోలారు కాసిన మొండవ్వ

మొండవ్వ అని ఒకామె ఉండె మా తల్లిగారూర్లె, నాగులకుంటల. పేరుకు తగ్గ గుణమే అనుకో. సాకలోళ్ళ ఇంటికి పెద్ద కోడలు. ఊర్లె ఎవలింట్ల పురుడైనా, లగ్గమైనా, ఆఖరికి ఎవలన్న కాలం చేసినా సరే, గా నీళ్ళు కాసి పోసేది ఆమెనే. పెద్ద కాగు ఉంటుండె ఇంటి ముంగట, మసి పట్టి నల్లగ. గా కాగు పొయ్యి మీదికెక్కిందంటె ఊరంత ఎర్కయ్యేది, ఎవలింట్లనో ఏదో ఉన్నదని. నాకు సుత ఆమెనే పోసిందట నేను పుట్టినప్పుడు. నవ్వుతవేందే సత్తెవ్వా, నేను సుత ఒకప్పుడు చిన్నగనే ఉంటి. బీడీల ఆకు కత్తిరించు, నవ్వేటియి ఇంకా ముందటున్నయ్. పసిపిల్లలకు పోసుడంటె మొండవ్వకు పానం. పీట మీద కూసుండి, కాళ్ళు బారచాపి, కాళ్ళ మీద పోరగాన్ని పండబెట్టి, మోచెయ్యి నీళ్ళల్ల పెట్టి సూసి, ఇగ పోస్తుంటె ఏడ్సే పోరగాడు సుత నిద్రపొయ్యేటోడంట. వాళ్ళు పెరిగి మీసాలొచ్చి పంచాదుల్ల లొల్లి పెట్టుకుంటుంటె నడుమకు పోయి, నీ ముక్కు ఒత్తి నిలబెట్టింది నేనురా, గా ముక్కు మీద కోపం నాకే సూపెడతవా అంటె, ఎంతటోడైనా తల దించుకొని పోయేటోడంట. ఆమెకు కావాల్సింది గా చెల్లుబడి. చీరె పెట్టిన్రా, గింజలు పెట్టిన్రా అని ఎన్నడు సూడకపోయేది.

ఇగ ఆమెకొక యారాలుండె, ఐలవ్వ. ఓ బిడ్డా, రాసుకుంటున్నవ్ గద, పట్నమోళ్ళకు తెల్వదు, యారాలంటె మొగని తమ్ముని పెండ్లాం. గట్ల రాయి. గా ఐలవ్వ పెండ్లయి వచ్చినప్పుడు చిన్నపిల్ల. అక్కా, నేను సుత పోస్తనే పిల్లలకు అని ఆశగ పొయ్యి కాడికి పోయిందంట. ఏమైందంటె, మొండవ్వ పొయ్యిలకెల్లి కట్టె తీసి అడ్డం పెట్టి, కాసినోళ్ళే పొయ్యాలె చెల్లె, మా అత్త నాకు గిదే చెప్పింది, కాసేది ఒకలు పోసేది ఒకలైతె పిల్లకు బొబ్బలొస్తయ్ అన్నదంట. అంటె ఏందనుకున్నరు, కాసినోళ్ళకే నీళ్ళ ఉడుకు ఎర్కుంటది, ఎర్క లేని చెయ్యి పోస్తె పసిపానం కాలుతది అని. మాటల న్యాయం ఉన్నది, లేదంటలేను. కని పొయ్యి దగ్గరికే రానియ్యకపోతె గా పిల్ల ఎప్పుడు కాస్తది, ఎప్పుడు పోస్తది? గదొక్కటి ఎవ్వలు అడగలె. అప్పటి సంది కాగు మొండవ్వది, మూట ఐలవ్వది. మూటంటె పురుటి బట్టల మూట. నెత్తురు బట్టలు, పొత్తి గుడ్డలు అన్ని మోస్కపోయి వాగుల ఉతికి ఆరేసి మడత పెట్టి ఇచ్చుడు. ఐలవ్వకు కడుపు పండలె. కాకపాయె, పక్కింటి పిల్లకన్న ఒక చెంబెడు పోసి సంబురపడదామంటె అది సుత లేకపాయె. ఆమె పైకి ఏమనకపోయేది. అననంత మాత్రాన కడుపుల లేదనుకుంటిరా? ఉంటది.

ఆ ఊర్లెనే రాజలింగం పటేలని ఉంటడు. మంచోడే, కని ఇంట్ల పెండ్లాం మాట దాటడు. ఆయన బిడ్డ హారిక తొలుసూరు కాన్పుకని తల్లిగారింటికి వచ్చింది. అప్పుడే పటేలు కొత్త స్లాబు ఇల్లు కట్టిండు. పాత ఇంటెనుక కట్టెల పొయ్యి ఉంటుండె, అది తీపిచ్చి నున్నగ టైల్సు ఏపిచ్చిండు. మరి బాలెంతకు ఉడుకు నీళ్ళెట్ల? కరెంటు గీజరు పెడదామంటె మా ఊర్ల వోల్టేజికి అవి కాగేటాళ్ళకు పుట్టిన పోరడు బడికి పోతడు. గందుకని పటేలు పెద్ద దవాఖాన మిద్దె మీద సూసిండంట సోలారు. నల్లటి గాజు గొట్టాలు వరుసగ పేర్చి ఉంటయ్, వాటి మీదికెల్లి అడ్డంగ తెల్లటి ట్యాంకి. ఎండ కాస్తుంటె గొట్టాలల్ల నీళ్ళు కాగి పైకెక్కుతయ్, ట్యాంకిల పడ్తయ్. ట్యాంకి చుట్టు మందంగ దూదసోంటిది నింపి మూస్తరు, పొద్దుగూకినా తెల్లారేదాక నీళ్ళు సల్లారయ్. కట్టె లేదు, పొగ లేదు. డాక్టరమ్మ సుత చెప్పిందంట, బాలెంతకు పసిపానానికి పొగ తగలనియ్యకున్రని. ఇగ పటేలు పట్నం పోయి తెప్పిచ్చి మిద్దె మీద పెట్టిచ్చిండు.

ఫిట్టింగు చేసెటోడు వచ్చి బిగిచ్చి పోయిండు. అప్పుడు పటేలు పెండ్లాం కనకమ్మ మిద్దె ఎక్కి సూసింది. సూసి, గిదేంది, ఉత్తరం దిక్కు తల పెట్టి పండబెట్టిన్రు, పీనుగను పెట్టినట్టు, మొకమేమో యముని దిక్కు, ఇంట్ల నిండు నెలల బిడ్డ ఉండంగ గిట్లనా చేసేది అని ఏడ్పు మొదలుపెట్టింది. ఆమె అన్నది సుత అబద్ధం కాదనుకో. ట్యాంకి ఉన్న ఎత్తు దిక్కు తల అనుకుంటె అది ఉత్తరానికే ఉన్నది, గొట్టాలు కాళ్ళ లెక్క దక్షిణానికి జారినయ్. పటేలు ఇద్దరు మనుషులను పిలిపిచ్చి గా మొత్తం దాన్ని ఎత్తి తిప్పి, తల దక్షిణానికి చేపిచ్చిండు. మనిషి పండుకునేటట్టు పద్ధతిగ. ఇగ అది పద్ధతిగనే పండుకున్నది. నీళ్ళు కాగుడు బందు చేసింది. సలికాలం పొద్దు దక్షిణానికి ఒరుగుతది, ఇదేమో పొద్దుకు ఈపు పెట్టి పండుకున్నది, ఎట్ల కాగుతయ్ మరి?

మొండవ్వకు గీ ముచ్చట తెలిసి పండుగ చేసుకున్నది. తెలుసుడేంది, ఆమెనే పోయి సూసింది. నల్లా కింద చెయ్యి పెట్టి, కనకమ్మా, నిప్పు సూడని నీళ్ళు పచ్చి నీళ్ళేనమ్మా, ఎన్ని గాజులు తొడిగితె ఏంది, నా కాగే దిక్కు నీకు అని పరాశికాలు ఆడి వచ్చిందంట. కని ఆ సంబురం నాలుగు దినాలే. పంచాంగం సూసే అయ్యగారు ఏదో పనికి పటేలింటికి వస్తె కనకమ్మ దిక్కుల సంగతి అడిగింది. ఆయన మిద్దె దిక్కు సూసి నవ్వి, అమ్మా, దక్షిణాయనంల సూర్యభగవానుడే అటు నడుస్తున్నడు, ఆయనకు లేని దోషం నీ ట్యాంకికేముంటది, మొకం అటే తిప్పించు అన్నడంట. అయ్యగారే అన్నంక ఇంకేమున్నది, మల్ల గా ఇద్దరే వచ్చిన్రు, మల్ల ఎత్తిన్రు, మల్ల తిప్పిన్రు. తెల్లారి మొండవ్వ పోయి నల్లా కింద మోచెయ్యి పెట్టి సుర్రుమంటె ఎనుకకు గుంజుకున్నది. చెయ్యి కొంగుకు తుడుసుకొని, మంచిగనే కాగినయ్ కనకమ్మా అన్నది. మొండోళ్ళల్ల గిదొక గుణముంటది, చెయ్యి కాలినంక కాలలేదని అనరు.

కనకమ్మ అప్పుడు మంచిగనే చెప్పిందంట. మొండవ్వా, నువ్వు కట్టెలు మొయ్యకు, పొగకు కండ్లు మండిచ్చుకోకు, పురుడు నాడు వచ్చి పీట మీద కూసుండి నా మనుమనికో మనుమరాలికో పొయ్యి సాలు అన్నదంట. మొండవ్వకు మోకాళ్ళు పోయినయ్, పొగకు కండ్లు మసకలు, ఇంక ఆమెకేం కావాలె? పోసుడు మిగిలింది, మోసుడు పోయింది. ఊరంత చెప్పుకుంట తిరిగింది. హారిక నాయినకు సుత నేనే పోసిన, హారికకు నేనే పోసిన, ఇప్పుడు హారిక పిల్లకు పోస్త, మూడు తరాలు నా కాళ్ళ మీదనే పండినయ్ అని. హారికకు కొడుకు పుట్టిండు దవాఖానల. ఇంటికి తెచ్చిన్రు. పిల్లగానికి నీళ్ళు పోసే పురుడుకు దినం పెట్టుకున్నరు.

ఇగ ఏమైందంటె, పురుడు వారముందనంగ ఐలవ్వ బట్టల మూటకని పటేలింటికి పోయింది. వాకిట్ల నలుగురు ఆడోళ్ళు కూసున్నరు, మొండవ్వ నడుమ కూసుండి మూడు తరాల ముచ్చట చెప్తాంది. ఐలవ్వ మూట కట్టుకుంట, తల ఎత్తకుండ, అక్కా, కాసినోళ్ళే పొయ్యాలె గద అన్నదంట. అంతే. ఇంకో మాట అనలె. మొండవ్వకు ముందు సమజ్ కాలె, ఔ మరి, కాసినోళ్ళే పొయ్యాలె అన్నది అలవాటు కొద్ది. గట్లయితె నువ్వు కాయలె గద అక్కా, ఎండ కాసింది అన్నదంట ఐలవ్వ. మూట నెత్తికెత్తుకొని పోయింది. తాను తవ్విన గోతిల తానే పడుడంటె గిదే. ఒక ముసలామె ఉండి, నిజమే గదనే, ఎండ కాసిన నీళ్ళు ఎవలు పొయ్యాలె, ఎండ వచ్చి పోస్తదా అని నవ్వింది. కనకమ్మకు మాత్రం నవ్వు రాలె. ఉత్తరం తలకే ఏడ్సినామె, బొబ్బలంటె ఊకుంటదా? పిల్లగాని ఒళ్ళు కండ్లల్ల మెదిలింది. మొండవ్వా, నీ మాటనే గద ఇది, ఇన్నేండ్ల సంది నువ్వే చెప్తివి, ఇప్పుడు నా మనుమని కాడికి వచ్చి తప్పుదునా? సోలారు మా ఇంటిది, నల్లా తిప్పేది నేను, నేనే పోసుకుంట అన్నది. మొండవ్వ ఏమంటది? కాదంటె తన మాట అబద్ధమైతది, ఔనంటె పోసుడు పోతది. లేసి ఇంటికి పోయింది.

రెండు దినాలు ఆమె సరిగ తినలేదంట. మొగడు పోయినప్పుడు సుత అంత కుంగలేదని వాళ్ళ వాడకట్టోళ్ళు అన్నరు, నిజమో కాదో. మూడో దినం పోయి, కనకమ్మా, నా ఇంట్లనే కాగు పెట్టి కాస్త, ఆటోల ఏసుకొని తెస్త అన్నది. ఆడికెల్లి ఈడికి వచ్చేటాళ్ళకు సల్లారుతయ్, పొగ వాసన ఉంటది, డాక్టరమ్మ వద్దన్నది అని కనకమ్మ ఒప్పుకోలె. గదువ పట్టి బతిమిలాడింది, నీ బాంచెన్, కాల్మొక్త అన్నది. కనకమ్మ మొకం తిప్పుకున్నది. మరి ఐలవ్వ మీద కోపం రాలేదా అంటరేమో, వచ్చింది. తిట్టింది సుత. కని ఏమని తిడ్తది? తాను చెప్పిన మాటనే తనకు చెప్పింది ఆ పిల్ల. పిల్లంటున్న, తల నెరిసిన ముసల్ది.

ఇంతల కోతులు దిగినయ్. మా దిక్కు కోతుల సంగతి మీకెర్కనే, మనుషుల కన్నా అవ్వే ఎక్కువున్నయ్. ఆ యేడు సలి ఎక్కువుండె, పొద్దుగాల మంచు పడితె ఎదుటి మనిషి కనపడకపోయేది. కోతులు ఎండ కాగనీకె మిద్దెలెక్కినయ్. ఒక కోతికి సోలారు ట్యాంకి దొరికింది. దాని పక్కన వెచ్చగుంటదని కూసున్నది, దాన్ని సూసి ఇంకోటి, ఇంకోటి. కూసుంటె కూసున్నయ్, ఊకుంటయా, గొట్టాలు పట్టి గుంజినయ్. ఒక గొట్టం పగిలింది, ట్యాంకి నీళ్ళన్ని మెట్ల మీదికెల్లి వాకిట్లకు దుమికినయ్. ఫిట్టింగాయన వచ్చి కొత్త గొట్టమేసి, పటేలా, చుట్టు ఇనుప జాలి కొట్టిచ్చుకోవాలె, అది చేపిచ్చి తెచ్చేదాక ఎవలన్న కాపలుండాలె, మల్ల పగిలితె నా దగ్గర గొట్టాల్లెవ్వు అని చెప్పి పోయిండు. పురుడు ఎల్లుండి. జీతగాళ్ళు, కూలోళ్ళు అందరు పత్తి ఏరుడుకు పోయిన్రు, పత్తి తడిస్తె బతుకు పాయె గద. పటేలు తానే మిద్దెక్కి కూసున్నడు కట్టె పట్టుకొని. నీరెండకు మెత్తగ కునుకు పట్టింది. కోతి వచ్చి తువ్వాల ఎత్తుకపోయి సీతాఫలం చెట్టు మీద కూసున్నది. కనకమ్మ కింద నుంచి సూసి ఒర్లితె గాని ఆయనకు సోయి రాలె. ఆమె తిట్టిన తిట్లు నేను చెప్ప, గా పిల్ల రాసుకుంటాంది.

పటేలు తువ్వాల లేకుండ బజార్లకు వచ్చి, ఎవలన్న జర రేపొక్క దినం సోలారు కాయున్రయ్యా, పురుడు ఎల్లేదాక అని కనపడ్డోళ్ళనల్ల అడుగుతాండు. మొండవ్వ అరుగు మీద కూసున్నది. చెవుల పడ్డది మాట. ఏమంటివి పటేలా, మల్ల అను అన్నది. సోలారు కాయాలె మొండవ్వా, కోతులు ఆగం చేస్తున్నయ్ అన్నడు. కాయాలెనా? ఆఁ, కాయాలె అన్నడు. సూసిన్రా, చేను కాస్తరు, గొర్లు కాస్తరు, నీళ్ళు కాస్తరు, ఎండ కాస్తది, అన్నిటికి ఒకటే మాటనాయె మనకు. మొండవ్వ గా మాటను పట్టుకున్నది. పటేలా, రేపు నేను కాస్త నీ సోలారు, పొద్దు పొడిసిన కాంచి పొద్దుగూకేదాక, నువ్వు మాత్రం ఎవలడిగినా మొండవ్వ కాసింది అని చెప్పాలె అన్నది. చెప్తనే, చెప్పకేం, ఊరంత చెప్త, నీ పున్యముంటది అన్నడు పటేలు. ఆయనకేం ఎర్క ఆడోళ్ళ పంచాది? మాటిచ్చి తువ్వాల కోసం చెట్టు కాడికి పోయిండు.

తెల్లారి మంచు ఇడవకముందే మొండవ్వ మిద్దెక్కింది. గా మోకాళ్ళతోని మెట్టుకొకసారి కూసుంట ఎక్కిందంట. ఒక కట్టె, ఒక ఖాళీ నూనె డబ్బా, మూటల రొట్టె. ఎండ పడ్డది, కోతులు వచ్చినయ్. ఆమె డబ్బా కొడ్తది, అవి ఉరుకుతయ్, మల్ల వస్తయ్. కోతుల గుంపుకొక గండుకోతి ఉంటది గద, అది ఉరకలె. ఆమె ఒకదిక్కు పోతె అది ఇంకో దిక్కు నుంచి వస్తది. ఎండ ఎక్కినా కొద్ది గాజు గొట్టాలు తళతళ మెరుస్తుంటె మొండవ్వ మసక కండ్లకు ఏమి ఆనుతలేదు. ఏది కోతో ఏది నీడో తెలుస్తలేదు. కింద వాకిట్ల ఐలవ్వ ఉతికిన బట్టలు తీగ మీద ఆరేస్తాంది. తల ఎత్తి సూసింది. గండుకోతి ట్యాంకి ఎనుక నుంచి మెల్లగ వచ్చి చివరి గొట్టం మీద చెయ్యేసింది. మొండవ్వ ఇటు మొకం పెట్టి ఉత్త గాలిని బెదిరిస్తాంది.

జర ఇక్కడ ఆగున్రి. ఐలవ్వ ఊకుంటె ఏమైతుండె? గొట్టం పగులుతుండె, నీళ్ళు పోతుండె, మొండవ్వ పరువు వాకిట్లకు దుమికేది. బతుకంతా పొయ్యి కాడికి రానియ్యనామె, కట్టె అడ్డం పెట్టినామె. నేనైతె ఊకుంటుంటి, నా గుణం మీకెర్కనే. ఐలవ్వ ఊకోలె. అక్కా, ఎనుక, ట్యాంకి ఎనుక అని మొత్తుకున్నది. మొత్తుకుంటనే చేతిల తడి చీరె పట్టుకొని మెట్లెక్కి, పోయి, గా తడి చీరెతోని బండ మీద బట్ట కొట్టినట్టు కోతిని ఒక్కటి కొట్టింది. అది మల్ల ఆ మిద్దె మొకం సూడలె. ఐలవ్వ కిందికి దిగుదామని మెట్ల కాడికి పోయింది, దిగలె. మొండవ్వ చెయ్యి అడ్డం పెట్టుకొని కండ్లు ఆర్పుకుంట ఒక్కతే నిలబడ్డది, గది సూసి ఎనుకకు వచ్చి ఆమె ఈపుకు ఈపు పెట్టి కూసున్నది. ఒకలు తూర్పు, ఒకలు పడమర. పొద్దు నడినెత్తికొచ్చింది. అప్పుడు మొండవ్వ మూట ఇప్పి రొట్టె సగం తుంచి ఎనుకకు చెయ్యి చాపింది. ఐలవ్వ తీసుకున్నది. కారం ఎక్కువేసినవ్ అక్కా అన్నదంట. తింటె తిను లేకపోతె లేదు అన్నదంట మొండవ్వ. పొద్దుగూకినంక ఇద్దరు దిగిన్రు, ఎవలింటికి వాళ్ళు పోయిన్రు.

పురుడు నాడు పొద్దుగాల పటేలింటి నిండ ఆడోళ్ళు. సలికి పండ్లు గిటగిట కొట్టుకుంటున్నయ్. నల్లా తిప్పితె పొగలు కక్కుకుంట వచ్చినయ్ నీళ్ళు, అందరు చేతులు పెట్టి సూసి అబ్బురపడ్డరు. కనకమ్మ చీరె ఎగ్గట్టుకొని పీట ఏసుకున్నది గని కాళ్ళెట్ల చాపాల్నో తెలుస్తలేదు, ఎన్నడన్న పోసిందా ఏమన్ననా? అప్పుడు మొండవ్వ గద్దరిచ్చి, కనకమ్మా, కాసిన నీళ్ళు ఎవలు పొయ్యాలె అన్నది. కాసినోళ్ళు పొయ్యాలె, మల్ల అదే ముచ్చటనా అన్నది కనకమ్మ. మరి నిన్న పొద్దంత సోలారు ఎవలు కాసిన్రో నీ పెనిమిటిని అడుగు అన్నది. పటేలు బయట కుర్చీల కూసుండి చాయ తాగుతాండు, మొండవ్వనే కాసింది, నేను మాటిచ్చిన, ఊరంత చెప్త అని లోపలికి ఇనపడేటట్టు అన్నడు. ఇగ ఆడోళ్ళు నవ్వుడు మొదలుపెట్టిన్రు. ఔనే, కాసింది, పొద్దంత మిద్దె మీదనే ఉన్నది, మేము సూసినం అని ఒకలెనుక ఒకలు. కనకమ్మకు సుత నెత్తి మీది బండ దిగినట్టే అయింది. లేసి పీట ఇచ్చింది.

మొండవ్వ కూసున్నది. కాళ్ళు చాపింది. హారిక పోరన్ని తెచ్చి కాళ్ళ మీద పండబెట్టింది. పోరడు కండ్లు తెరిసి సూస్తాండు. ఇగ పొయ్యాలె. మొండవ్వ చెంబు ముంచింది, మోచేతి మీద పోసుకొని సూసింది, చెంబు పైకెత్తింది, ఎత్తి ఆగింది. పొయ్యరాదు మొండవ్వా, పిల్లగానికి సలి పెడ్తది అన్నది కనకమ్మ. మొండవ్వ తల ఒంచుకొనే, నేనొక్కదాన్నే కాయలె అన్నది. ఐలవ్వ గోడ కాడ నిలబడ్డది, పురుటి బట్టల మూట చంకల పెట్టుకొని, ఎప్పుడు నిలబడే జాగల. చెల్లె, మూట కింద పెట్టు, ఇటు రా అన్నది మొండవ్వ. ఐలవ్వ కదల్లె. రావే, పోరడు కాళ్ళ మీదున్నడు, నేను రుద్దుత, నువ్వు పొయ్యి అని చెంబు ఇటు చాపింది. ఐలవ్వ మూట కింద పెట్టింది. వచ్చి చెంబు పట్టుకున్నది. మోచెయ్యి పెట్టి సూడు ముందుగాల, తల మీద పొయ్యకు, ఈపు మీదికెల్లి రా, చెవులల్ల పడనియ్యకు అని మొండవ్వ నేర్పబోయింది. నాకెర్కే అక్కా, పెండ్లయి వచ్చిన కాంచి సూస్తనే ఉన్న అన్నది ఐలవ్వ. ఆ మాటకు ఆడున్నోళ్ళల్ల కండ్లు తుడుసుకోనోళ్ళు లేరంట. మొండవ్వ సుత ఏడ్సింది. పొగ లేదు ఏమి లేదు, ఏడ్సింది. ఐలవ్వ మాత్రం ఏడ్వలె, ఆమె పోస్తాంది, ఏడిస్తె చెంబు వణుకుతది. పోరడు సగం నీళ్ళకే నిద్రపోయిండు.

మరి ఆ దినం పురుటి బట్టలు ఎవలు ఉతికిన్రని ఒక్కదానివన్న అడుగుతలేవు. నీళ్ళు ఇద్దరు పోసినంక మూట ఒకలదెట్లయితది? ఇద్దరు వాగుకు పోయిన్రు. ఐలవ్వ పెండ్లయి వచ్చినంక మొండవ్వ మొదటిసారి గా బండ మీద పురుటి బట్ట కొట్టింది. ఆమె ఉతికినయి మరక పోలేదంట, ఐలవ్వ అన్ని మల్ల ఉతుక్కున్నదంట. సోలారుకు ఇనుప జాలి సుత వచ్చింది, కొట్టిచ్చిన్రు, ఇప్పుడు కోతికి ఏలు సుత పెట్టనీకె సందు లేదు. ఊర్లె ఇంకో నాలుగిండ్ల మీద సుత సోలార్లు లేసినయ్, అన్నిటికి జాలీలున్నయ్. కని ఎవలింట్ల పురుడైనా ముందు దినం గా ఇద్దరు ముసలోళ్ళు మిద్దెక్కి ఈపుకు ఈపు పెట్టి పొద్దంత కూసుంటరు, తెల్లారి దిగొచ్చి పోస్తరు. కోతుల్లెవ్వు గదనే, ఏం కాస్తున్నరే అని నేనే అడిగిన ఒకసారి మా అన్న మనుమరాలి పురుడుకు పోయినప్పుడు. నీకేం తెలుసు, పోయి బీడీలు చుట్టుకోపో అన్నది మొండవ్వ. సలికాలం నీరెండల రొట్టెలు తినుకుంట సోలారు కాస్తున్నరో, ఎండ కాగుతున్నరో, నాకైతె తెల్వదు. మీకేమన్న తెలిస్తె చెప్పున్రి. గా ఆకు ఆరిపోతాంది సత్తెవ్వా, జర నీళ్ళు సల్లు.